నాన్న వెనక పొగ

మా నాన్న కొత్త మనిషి ఎదురుపడితే మొహం చూసేవాడు కాదు. ముందు చేతివేళ్ళు చూసేవాడు. ఆ తర్వాత ఆ మనిషి సిగరెట్ ఎప్పుడు వెలిగిస్తాడా అని ఓపిగ్గా కాచుకుని కూర్చునేవాడు. రెండు దమ్ములు లాగేలోపే అతను చేసే పనేమిటో చెప్పేసేవాడు. చెప్పాక నావైపు తిరిగి కనుబొమలు ఎగరేసేవాడు. చిన్నపిల్లని కాబట్టి నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. అమ్మ మాత్రం "చాల్లెండి, ముందు భోజనానికి లేవండి" అనేది.

నాన్న ఒక పెద్ద మరమ్మతుల కార్ఖానాలో ఫోర్‌మన్. ఇంజన్లు, బాయిలర్లు, పంపులు, ఏది మొరాయించినా అక్కడికే వచ్చేది. అన్ని రకాల పనివాళ్ళూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు కాబట్టి అన్ని రకాల పొగా ఆయన కళ్ళముందే తిరిగేది. భోజనాల దగ్గర మాకు వేరే కాలక్షేపం ఉండేది కాదు. నాన్న కంచం ముందు కూర్చుని ఒక్కొక్కరి దమ్మూ నటించి చూపించేవాడు.

"లారీ డ్రైవర్ని నేలమీద నిలబెట్టినా సీట్లో కూర్చున్నట్టే తాగుతాడే. మొహం అటు తిప్పి, మోచెయ్యి బయటపెట్టి, బొటనవేలితో బూడిద రాలుస్తాడు. అక్కడ కిటికీ లేదన్న సంగతే వాడికి గుర్తుండదు."

లేత్ మీద పనిచేసేవాడు పెదాల మధ్య పెట్టిన సిగరెట్‌ని చివరిదాకా చేత్తో ముట్టడట. రెండు చేతులూ పనిమీదే ఉండాలి కదా. వేలెడు బూడిద వేలాడుతున్నా మాట్లాడతాడు, రాలదు. అది రాలిందంటే ఆ పూట ఇంట్లో ఏదో గొడవ జరిగిందని నాన్న లెక్క. పెయింటర్‌ది ఇంకో తీరు. చుట్టూ రంగులూ, అంటుకునే నూనెలూ కాబట్టి పొద్దున నోట్లో పెట్టిన సిగరెట్‌ని సాయంత్రం గేటు దాటేదాకా వెలిగించడు. అప్పటికి అది సగం నమిలేసి ఉంటుంది. గుమాస్తా ఒకటి వెలిగించి ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఇంకొకటి వెలిగిస్తాడు. కొలిమి దగ్గర కరిగిన ఇనుము పోసే పెద్దాయన అసలు ముట్టడు. "రోజంతా ఊరికే వచ్చే పొగ మింగుతున్నా, మళ్ళీ కొనుక్కుని మింగాలా?" అనేవాడట.

అన్నిటికన్నా నాకిష్టమైంది వడ్రంగి కథ. ఆయనకి ఒక చెవిమీద పెన్సిలు, రెండో చెవిమీద సిగరెట్. రంపప్పొట్టు దగ్గర నిప్పు కూడదు కాబట్టి బయటికెళ్ళి సగం తాగి, ఆర్పి, మళ్ళీ చెవిమీద పెట్టుకునేవాడు. ఒకరోజు మాటల్లో పడి పెన్సిలు తీసి నోట్లో పెట్టుకుని వెల్డర్ని నిప్పడిగాడట. వెల్డర్ జన్మలో అగ్గిపెట్టె కొన్నవాడు కాదు, అప్పుడే అతికిన ఇనపముక్కకి తాకించి ముట్టించుకునే రకం. ఏమీ ఎరగనట్టు ఆ ఎర్రటి ముక్క ముందుకు చాపాడట. పెన్సిలు మొన కమిలి కంపు కొట్టేదాకా వడ్రంగికి తెలియలేదని చెప్పి, నాన్న పొలమారేలా నవ్వేవాడు.

"మరి ఫోర్‌మన్ ఎలా తాగుతాడు నాన్నా?" అని అడిగేదాన్ని.

"ఫోర్‌మన్ తాగడమ్మా" అనేవాడు, ఓరగా అమ్మవైపు చూస్తూ.

దానికో కారణం ఉంది. నేను పుట్టిన కొత్తలో అమ్మకి ఉబ్బసం పట్టుకుంది. పొగ వాసన తగిలితే చాలు, ఊపిరాడక కూలబడిపోయేది. అప్పుడు నాన్న ఉయ్యాల్లో ఉన్న నా తలమీద చెయ్యిపెట్టి ఇక జన్మలో ముట్టనని ఒట్టేశాడు. అంతకుముందు పెట్టెలు పెట్టెలు ఊదేసేవాడట. మా ఇంట్లో పొగ అనేది కబుర్లలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు.

నేను పెద్దయ్యాక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. నా పని చుక్కలు పూడ్చడం. ఫోటో అచ్చు వేసేటప్పుడు దుమ్ము పడితే తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. వాటిని వెంట్రుకంత సన్నటి కుంచెతో, చుట్టుపక్కల రంగులో కలిసిపోయేలా నల్లరంగు అద్ది మాయం చెయ్యాలి. పెళ్ళికూతుళ్ళ మొహంమీద మొటిమలూ మచ్చలూ కూడా నా చేతిలోనే పోయేవి. ఫోటోలు తీసి కడిగేది ఇంకొకాయన. ఆయనే తర్వాత మా ఆయన అయ్యాడు, అప్పటికి ఇంకా కాలేదు. మాటల్లో పొదుపు, పనిలో చాదస్తం. నాకు నచ్చాడు. నచ్చానని ఆయన నోటితో అనిపించడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ.

ఓ ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు, నాన్నని అడగడానికి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. అదే కొంప ముంచింది. నాన్న చూపు సరాసరి ఆయన కుడిచేతి మీదికి పోయింది. చూపుడువేలూ మధ్యవేలూ గోళ్ళ దగ్గర్నుంచి రెండో కణుపు దాకా గోధుమరంగులో ఉన్నాయి.

"రోజుకెన్ని తాగుతావు బాబూ?" అన్నాడు నాన్న, ఎంతో మర్యాదగా.

"అలవాటు లేదండీ."

"సరదాక్కూడానా?"

"సరదాక్కూడా లేదండీ."

"మరి ఆ వేళ్ళు?"

"ఫోటోలు కడిగే రసాయనం మరకండీ."

నాన్న నవ్వాడు. "రసాయనమైతే చెయ్యంతా అంటాలి కదా. సరిగ్గా సిగరెట్ పట్టుకునే రెండు వేళ్ళనే వెతుక్కుంటూ వచ్చిందా?"

పాపం ఆయనకి మాటలతో నెగ్గడం రాదు. చెవులు ఎర్రగా చేసుకుని, ఇచ్చిన కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు. గేటు చప్పుడయ్యాక నాన్న తీర్పు చెప్పాడు. "నిప్పు లేనిదే పొగ రాదు. పొగ తాగేవాడికి పిల్లనిచ్చినా ఇస్తాను గానీ, తాగుతూ తాగనని చెప్పేవాడికి చచ్చినా ఇవ్వను. ఇవాళ నాతో అబద్ధమాడాడు, రేపు నీతో ఆడతాడు."

నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. రసాయనాలు ఎలా ఉంటాయో ఏకరువు పెట్టాను. నాన్న వింటేనా! వేళ్ళ సంగతి ఆయనకి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే.  అమ్మ మాత్రం కుట్టుమిషన్ దగ్గర కూర్చుని, దారం తెంపుతూ, నాన్నవైపు అదోలా చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఇది జరుగుతుండగానే నాన్న పదవీ విరమణ దగ్గరపడింది. ఆయనతోపాటే ఆ పాత కార్ఖానా కూడా మూతపడుతోంది. యంత్రాలు ఇంకోచోటికి పోతున్నాయి, మనుషులు తలోదారీ పడుతున్నారు. చివరిరోజు అందరూ కలిసి ఫోటో దిగాలని మేనేజర్ మా స్టూడియోకే కబురు పెట్టాడు. ఇంకెవరైనా దొరకరా అని నాన్న గొణిగాడు గానీ, మేనేజర్ మాట కాదనలేడు.

మా ఆయనే పొద్దున్నే వెళ్ళి తీసి వచ్చాడు. ఆ సాయంత్రమే, ఇంకా ఎండ తగ్గకముందే, నాన్న స్టూడియోకి ఊడిపడ్డాడు.

"ఏడీ?" అన్నాడు.

"చీకటిగదిలో రీలు కడుగుతున్నారు. ఇప్పుడు వెళ్ళకూడదు నాన్నా."

"వెళ్ళకూడదంటున్నావు కాబట్టే వెళ్ళాలి. చీకట్లో ఒక్కడే గంటలకొద్దీ కూర్చునే మగాడు ఏం చేస్తాడో నాకు తెలీదా? ఆ కంపు రసాయనాలు కూడా అందుకే, వాసన పైకి రాకుండా."

మా చీకటిగదికి తలుపు లేదు, రెండు దళసరి నల్ల తెరలు ఉండేవి. మొదటిది దాటి, అది సర్దుకున్నాక రెండోది తీస్తే వెలుతురు లోపలికి పోదు. నేను లేచేలోపే నాన్న మొదటి తెర దాటేశాడు. ఎంతైనా పని తెలిసినవాడు, తెరలు రెండెందుకున్నాయో ఇట్టే పట్టేసి, మొదటిదాన్ని జాగ్రత్తగా మూసి మరీ రెండోది తీశాడు. అంత బుద్ధిగా లోపలికి వెళ్ళినవాడు, వెళ్ళగానే జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీశాడు.

నాకు బయటికి వినిపించింది ఆ గీసిన చప్పుడే. తర్వాత మా ఆయన గొంతు, "ఆర్పెయ్యండి" అని, చాలా నెమ్మదిగా.

నేను లోపలికి వెళ్ళేసరికి ఎర్రబల్బు వెలుగుతోంది. మా ఆయన చేతిలో సిగరెట్ లేదు. కెమెరాలోంచి తీసిన రీలు వేలాడుతోంది. నాన్న చేతిలో కాలిన పుల్ల.

"పాడైందా?" అన్నాడు నాన్న.

"పాడైందండీ."

"ఎవరిది?"

"మీదేనండీ. అందరినీ వరసగా బల్లలమీద కూర్చోబెట్టి తీసింది."

నాన్న అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాడు. ఆ మనుషులందర్నీ మళ్ళీ ఒకచోట చేర్చడం ఇక ఎవరివల్లా కాదు. సగంమంది ఆ మధ్యాహ్నమే మూటాముల్లే సర్దుకుని బళ్ళెక్కారు. ఆయన జీవితమంతా కలిసి పనిచేసిన వాళ్ళని ఆయన చేతులతోనే ఒక్క అగ్గిపుల్లతో చెరిపేసుకున్నాడు. నాకు ఆయన మీదున్న కోపమంతా ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు.

 మా ఆయన పాడైన రీలుని పక్కకి తప్పించి, "ఇంకో రీలుందండీ. బల్లలు సర్దేలోపు, అందరూ టీ తాగుతుంటే ఊరికే తీశాను. మధ్యాహ్నమే కడిగాను, ఆరింది. ఒకటి వేసి చూపిస్తాను ఉండండి" అన్నాడు.

ఆ నెగెటివ్ రీలు గుండా కాగితం మీద వెలుగు పడనిచ్చి, దాన్ని రసాయనం తొట్టెలో వేశాడు. కాగితం పైకి తేలకుండా రెండు వేళ్ళతో మెల్లగా నొక్కిపెట్టాడు. చూపుడువేలూ, మధ్యవేలూ.

నాన్న ముందుకు వంగి ఆ వేళ్ళనే చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "పటకారుతో పట్టుకోవచ్చుగా" అన్నాడు.

"గీతలు పడతాయండీ. వేళ్ళకైతే తెలుస్తుంది."

"పటకారైతే వేళ్ళకి మరకంటదు" అన్నాడు నాన్న. అనేసి, ఎందుకో టక్కున నోరు మూసుకున్నాడు.

నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సన్నమూతి పటకారు ఉండేది. ఫోర్‌మన్ కదా, ఎక్కడ ఏ అవసరం పడుతుందోనని పెట్టుకుంటాడని అనుకునేదాన్ని. దాని మూతి నల్లగా మాడిపోయి ఉండేది. అది ఎందుకలా ఉందని నేను ఒక్కసారీ అడగలేదు.

తొట్టెలో బొమ్మ తేలుతోంది. కార్ఖానా పెద్ద తలుపు, చీకటిగా. దాని ముందు ఒక్కొక్కరే వచ్చారు. లారీ డ్రైవర్, లేని కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి. లేత్ మనిషి, పెదాల చివర వేలెడు బూడిదతో. వడ్రంగికి రెండు చెవులమీదా రెండూ ఉన్నాయి, ఏది ఏదో ఆయనకే తెలియాలి. గుమాస్తా ఒకటి వెలిగించుకుంటున్నాడు, ఆయన మరిచిపోయిన ఇంకొకటి కిటికీ గట్టుమీద కాలుతూనే ఉంది. నేను ఎన్నడూ చూడని మనుషులు, చిన్నప్పటినుంచీ ఎరిగున్నవాళ్ళు. 

వాళ్ళందరి నడుమ మా నాన్న. నిటారుగా, గంభీరంగా, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజం వెనకనుంచి, నల్లటి తలుపు మీదుగా, తెల్లటి సన్నటి పొగ నిలువుగా పైకి లేస్తోంది.

నాన్న తొట్టె మీదికి ఇంకా వంగాడు.

"టీ ఆవిరేమో" అన్నాడు నాన్న.

"మీ చేతిలో కప్పు లేదండీ" అన్నాడు మా ఆయన. ఎగతాళిగా కాదు, ఉన్నది ఉన్నట్టు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారే, అలా ఉంది నాన్న వ్యవహారం. పటకారుతో పట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు తల తిప్పి ఓ దమ్ము. వేలికి మరక లేదు, బట్టలు కార్ఖానాలోనే మార్చుకుని, సబ్బుతో మొహం తోముకుని ఇంటికి రావడం. ఆ ఫోటోలో పక్కనున్నవాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తోంది, కార్ఖానా మొత్తానికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలియంది మాకే అనుకున్నాను.

నాన్న నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. నా తండ్రి నా ముందు అంత చిన్నగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, నాకున్నది ఇదొక్క ఫోటోయే. ఇంటికి తీసుకెళ్ళకపోతే మీ అమ్మ అడుగుతుంది. తీసుకెళ్తే చూస్తుంది. నీ తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశానే. నీ కుంచెతో ఆ పొగొక్కటీ తీసెయ్యమ్మా. నీ పెళ్ళికి నాకే అభ్యంతరమూ లేదు. కుర్రాడు మంచివాడు."

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, ఆ వెంటనే జాలేసింది. అబద్ధమాడేవాడికి పిల్లనివ్వనన్న మనిషి, తన అబద్ధం దాచిపెడితే పిల్లనిస్తానంటున్నాడు. మా ఆయనవైపు చూశాను. "నెగెటివ్ జోలికి వెళ్ళకు. కాగితం మీద నీ ఇష్టం" అన్నాడు.

కూర్చుని తుడిచేశాను. నల్లటి తలుపు మీద తెల్లటి పొగ, నా పనికి అంతకన్నా సులువైంది ఉండదు. చుక్క తర్వాత చుక్క నలుపు అద్దుకుంటూ పోయాను. కాసేపటికి అక్కడ తలుపు తప్ప ఏమీ లేదు. నాన్న భూతద్దం పెట్టి మరీ చూసుకుని, "నీ చేతిలో మహత్యముందే" అన్నాడు.

ఇంటికెళ్ళాక అమ్మ చేతులు తుడుచుకుని ఫోటో అందుకుంది. ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, "ఈయనేనా పెన్సిలు నోట్లో పెట్టుకుంది?" అని అడుగుతూ, నవ్వుతూ, నాన్న బొమ్మ దగ్గరకొచ్చి ఆగింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"పొగేదే?" అంది.

నాన్న చేతిలోని గ్లాసు బల్లమీద పెట్టాడు.

"చేతులు వెనక్కి పెట్టుకున్నారు కదా. మరి పొగేది? నువ్వు గానీ తుడిచావా?"

"నీకు... నీకెలా తెలుసు?" అన్నాడు నాన్న.

"ఆదివారాలు మీరు ఇంట్లో ఉంటారు కదండీ. పెరట్లో నిలబడితే మీ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. వేళ్ళ మధ్య ఏమీ ఉండదు, అయినా పట్టుకున్నట్టే పట్టుకుంటారు. ఏమీ లేని చెయ్యి అలా ఎందుకు పెట్టుకుంటాడు మనిషి? మొదటి ఆదివారమే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏమయ్యేది? ఒట్టు ఎలాగూ పోయింది కదా అని ఇంట్లో కూడా మొదలుపెట్టేవారు. దాచుకోవాలన్న భయానికి ఆదివారం ఒక్కరోజైనా మానుతున్నారు, ఆ ఒక్కరోజైనా మిగలనీ అని ఊరుకున్నాను." అమ్మ ఫోటోని బల్లమీద పెట్టింది. "అబద్ధమాడేవాడికి పిల్లనివ్వకూడదని మా నాన్నా పట్టుబట్టి ఉంటే, నేనెక్కడుండేదాన్ని? రేపు ఆ అబ్బాయిని భోజనానికి పిలవండి. వేళ్ళకి మరకలున్నవాడే నయం, కనిపిస్తాయి."

మా పెళ్ళి అలా జరిగింది. ఇక నాన్నకి ఉద్యోగం లేదు కాబట్టి రోజూ ఆదివారమే అయింది. ఎవరూ మానమనలేదు, ఆయనా మానతానని ఒట్టేయలేదు, ఇంట్లో మాత్రం వెలిగించలేదు. సాయంత్రాలు పెరట్లో నిలబడినప్పుడు చెయ్యి వెనక్కి పోయేది. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, తనలో తనే నవ్వుకునేది. ఆ కిటికీ దగ్గర ఆమె నిలబడి ఉండటం, బయట ఆయన వీపు, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఇప్పుడు వెల్డర్లూ డ్రైవర్లూ చాలామంది సిగరెట్ ముట్టరు, మంచిదే. కానీ దూరంనుంచి మనిషిని చూసి ఏ పని చేస్తాడో చెప్పే వీలు పోయింది. చెప్పేవాడూ పోయాడు.

నాన్న పోయిన తర్వాత కొన్నాళ్ళకి అమ్మ గోడమీది ఫోటో తీసుకుని మా ఇంటికి వచ్చింది.

"ఇది నాకొద్దే. ఇందులో ఆయన ఊరికే నిలబడ్డారు. పొగున్నది కావాలి."

స్టూడియోలో రీళ్ళు కడగడం ఎప్పుడో ఆగిపోయింది, చీకటిగదిలో పాత సామాన్లు పడేసి ఉన్నాయి. మా ఆయన వాటిని బయటపెట్టి, తెరలు దులిపి, ఎక్కడెక్కడో తిరిగి రసాయనాలూ కాగితమూ తెచ్చాడు. దాచిపెట్టిన నెగెటివ్ తీశాడు. అమ్మని నాన్న కూర్చున్న ఆ ముక్కాలిపీట మీదే కూర్చోబెట్టాం. ఎర్రటి వెలుగులో మా ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో నొక్కిపెట్టాడు. తలుపు నల్లబడుతున్నకొద్దీ పొగ తెల్లగా విడివడి పైకి లేచింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట ఉబ్బసమనుకుని కంగారుపడ్డాను, కాదు.

మర్నాడు ఫోటో ఆరింది. పాత నెగెటివ్ కదా, దుమ్ము పట్టి ఎన్నో తెల్ల చుక్కలు పడ్డాయి. కిటికీ దగ్గర కూర్చుని అలవాటుగా కుంచె తీసి రంగులో ముంచాను. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అవి దుమ్ము చుక్కలమ్మా" అన్నాను.

"ఏది దుమ్మో, ఏది ఆయన పొగో నీకేం తెలుసు" అంది అమ్మ. "ఉండనీ."